కొసముక్క



“వృత్తియు విద్యయు” అను విషయమునుగూర్చి మాటలాడవలసినదిగా కార్యదర్శిగారు మాకు వ్రాసియుండిరి. అంతటి పెద్దవిషయమును మోయగలవారు ఈ వేదికమీద మఱి నలుగురున్నారు. మేము దాని కొసను మాత్రము పట్టుకొందుము. ద్వారబంధమునకు చుట్టును కొట్టు అంచుపట్టెను, అనగా ఇప్పుడందఱును బీడింగు అనుచున్న దానిని, మీరెల్లరు నెఱుగుదురు. ఆ పట్టె ముగియుచోట దానికి అతుకవలసిన చిన్నముక్క యొకటి కలదు. అది అంగుళము పొడవైనను ఉండదు. నేటి మా ప్రసంగమంతయు దానినిగూర్చియే.

మేము ముప్పదియేండ్లకు పైబడి బడులలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవారము. ఉలి పట్టి కుటుంబమును పోషించినవారము కాము. అయినను వడ్రంగియింట పుట్టినవారము గనుక తోపడచప్పుడు వినుచు అక్షరములు దిద్దుకొంటిమి. సెలవుదినములలో తండ్రిగారి పనిముట్లపెట్టెను తెఱచి కూర్చుండుట మాకు నేటికిని అలవాటు. ఈ మాటలు ఆ పెట్టెయొద్ద పుట్టినవే.

మొదట ఈ కొస యనునది ఎచ్చట వచ్చునో చెప్పెదము. తలుపుచట్రమునకును గోడకును నడుమ పూత బీటవాఱి సందు కనబడును. దానిని కప్పుటకు నిలువుపట్టెలు రెండు, పైని అడ్డపట్టె యొకటి కొట్టుదురు. నిలువుపట్టెల క్రిందికొసలు నేలకు వచ్చును. వానితో మనకు పేచీ లేదు. (నేల కడిగిన నీరు తగులకుండ ఒక నూలు ఎత్తున నిలుపుట మాత్రము మేలు.) చిక్కంతయు పైపట్టెయందే యున్నది. మన పాతయిండ్ల తీరున అది నిలువుపట్టెలను దాటి ఇరుప్రక్కల రెండేసి అంగుళములు సాగి, గోడనడుమ ఆగిపోవును. అచ్చట మూల లేదు. కలిసికొనుటకు వేఱొక పట్టె రాదు. దేవునిగూటి పైకమ్మికిని, అలమర తలపట్టెకును, మెట్లప్రక్క ఆగిపోవు నేలపట్టెకును ఇదే అవస్థ.

అట్టి కొసను తిన్నగా కోసి విడిచినచో, ముఖమున ఎంతో సొగసుగా దిద్దిన గట్లును గాడులును ప్రక్కనుండి చూచువారికి నఱికిన చెఱకుగడవలె కనబడును. కొందఱు ఏటవాలుగా కోసి గోడవైపునకు దిగజార్చెదరు. అది కొంత నయము, కాని అందును కొయ్యలోపలి భాగము బయటపడుచునే యుండును. సరియైన పద్ధతి మూడవది. పట్టె ముఖముమీది ఆకారము కొసయొద్ద మలుపు తిరిగి, అదే గట్లతో, అదే గాడులతో గోడలోనికి పోవునట్లు చేయుట. ఆ మలుపును చేయునదే కొసముక్క.

ఇది చూపుకొఱకు చేయు విలాసమని తలపకుడు. చెట్టు బ్రతికియున్నప్పుడు వేళ్ళనుండి ఆకులకు నీటిని కొనిపోయిన సన్ననాళములు కోసిన పలకలోను అట్లే నిలిచియుండును. పలక ప్రక్కముఖము త్రాగు తేమకంటె కొసముఖము పలురెట్లు అధికముగా త్రాగును. సముద్రము వినబడు దూరమున ఇండ్లు కట్టుకొన్న మన ఉద్దానమువారికి ఈ సంగతి ఒకరు చెప్పవలసినది కాదు. ఉప్పుగాలియు, శ్రావణభాద్రపదముల ముసురును, ఆపై చెదయు, ఇవన్నియు కొయ్యలో ప్రవేశించు మొదటివాకిలి ఆ తెఱచిన కొసయే. కొసముక్క ఆ వాకిలికి తలుపు.

ఈ సందర్భమున ఒక యింటి సంగతి చెప్పవలసియున్నది. 2018 అక్టోబరు 11వ తేది తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాసకు దాపున తీరము దాటినది. ఆ వేకువ కొబ్బరితోటలును జీడితోటలును పనసలును ఎట్లు నేలకొఱిగినవో ఈ సభలో కన్నులార చూచినవారే ఎక్కువ. కూలిన చెట్లను చాలమంది వచ్చినధరకు ఇచ్చివేసిరి. కొందఱు మాత్రము పనసమ్రాకులను కోతమిల్లునకు తోలించి, పలకలు కోయించి, నడుమ పుల్లలు పెట్టి నీడను పేర్చి ఆఱబెట్టుకొనిరి. అంగుళపు మందమునకు ఏడాది ఆఱవలెనని మన పెద్దల లెక్క. అట్లు రెండేండ్లు ఆఱబెట్టుకొన్న యింటివారు ఒకరు క్రొత్తగది వేసికొని, తలుపులకును పట్టెలకును ఆ పనసనే వాడించిరి. పనస కోసినప్పుడు పసుపుకొమ్ము వలె నుండి, ఏండ్లు గడచినకొలది ముదిరి ఎఱ్ఱనిగోధుమవన్నెకు వచ్చును. ఉలికి లొంగును, మెఱుగునకు తేలును. మన పొరుగునున్న బొబ్బిలివారు ఒకే పనసమొద్దునుండి తొలిచి వీణ చేయుదురు గదా! అతుకు లేని వీణచే వారికి కీర్తి వచ్చినది. అతుకు కనబడని పట్టె మన పాలిది.

ఆ యింటి పట్టెపనిని గుత్తకు తీసికొన్నవారు పైపట్టెల కొసలను తిన్నగా కోసి, లప్పము పూసి, పైని రంగు వేసి పోయిరి. రెండు వర్షాకాలములు గడచునప్పటికి లప్పము ఊడిపడినది. కొస నల్లబడి పొంగినది. మూడవయేట ఒక కొసలో చెద పట్టినది. ఆ యిల్లాలు మాకు దానిని చూపి, “మాస్టారూ, ఇది మా మావగారు నాటిన చెట్టండీ. తుపానుకు తోటలో నిలవలేదు, సరే. ఇంట్లోనైనా నిలబడాలి కదండీ!” అని పలికినది. ఆమె మాటకు మేము ఏ శాస్త్రమునుండియు ఉత్తరము చెప్పలేకపోతిమి. ఆ మఱునాడు పనిముట్లపెట్టెను అచ్చటికి తీసికొనిపోతిమి. ఆమె కొడుకును, మేమును కలిసి పుచ్చిన మేరకు కోసివేసి, ఆఱుకొసలకు ఆఱుముక్కలు అతికితిమి. పట్టెలు ఒక్కొక్కవైపున అంగుళమున్నర కుఱచయైనవి. ద్వారమునకు లోపము రాలేదు.

శాస్త్రమనగా జ్ఞాపకము వచ్చినది. మన శిల్పగ్రంథములలో ప్రసిద్ధములైన మానసారమునందును మయమతమునందును కొయ్యల కలయికకు వేఱుగా ఒక్కొక్క అధ్యాయము కలదు. రెండింటను అది పదునేడవ అధ్యాయమే, రెండింటను దానికి సంధికర్మమనియే పేరు. దూలమునకు దూలమును, కంబమునకు కంబమును ఎట్లు పొదుగవలెనో, ఏది తల, ఏది మొదలు, మేకు ఎచ్చట పడరాదో అందు చెప్పబడినది. పట్టెల ఆకారములకు కూడ ఆ గ్రంథములలో పేర్లున్నవి: ఉపానము, జగతి, కుముదము, పట్టిక, పద్మము, కపోతము. నేడు అంగడిలో “ఆ వంకరదిచ్చండి” అని వ్రేలు చూపి కొను బీడింగు పద్మమునకు మనుమడు. గుండ్రనిది కుముదమునకు వారసుడు. శ్రీముఖలింగమునందు మధుకేశ్వరాలయపు పాదభాగముయొద్ద కూర్చుండి, రాతిపట్టెలు మూలమూలకు ఎట్లు మలుపు తిరుగుచున్నవో చూడుడు. రాతిపనివాడు మూలను రెండు రాళ్ళ అతుకున పెట్టడు. ఒకే రాతియందు రెండు ముఖములను చెక్కి, అతుకును మూలకు దూరముగా నెట్టివేయును. కొయ్యకు ఆ భాగ్యము లేదు. కొయ్యకు పోగు ఒకే దిక్కున నడచును గనుక మూలయొద్దనే అతుకవలెను. అందుచేతనే వడ్రంగికి కోణము తెలియవలసివచ్చినది.

మేము వ్యాకరణము చెప్పుకొన్నవారము గనుక మాకు ఈ అతుకులు వ్యాకరణసంధులవలెనే తోచును. బయటిమూలయందు రెండు పట్టెలును సరిసమానముగా చెఱిసగము తఱిగికొని ఏకమగును. అది సవర్ణదీర్ఘము. లోపలిమూలయందు మంచి పనివాడట్లు చేయడు. మొదటిపట్టెను గోడవఱకు తిన్నగా పోనిచ్చి, రెండవదాని కొసను మొదటిదాని ముఖాకారమునకు సరిపడ తొలిచి దానిమీద కూర్చుండబెట్టును. పరము పూర్వమునందు లీనమగుచున్నది గనుక అది పూర్వరూపము. లోపలిమూలకు ఈ రెండవపద్ధతియే ఏల మేలనగా, కొయ్య నిడివియందు మాఱదు, వెడల్పునందు ఋతువునుబట్టి పెరుగును తఱుగును. వెడల్పు మాఱినచో చెఱిసగము కోసిన అతుకు నోరు తెఱచును. తొలిచి కూర్చుండబెట్టినది జరిగినను సందు కనబడదు. మఱి కొస మాట యేమి? పదమునకు పిమ్మట ఏమియు లేనిచోట కూడ వ్యాకరణము ఊరకుండదు. అవసానమునకును ఒక కార్యమున్నది, రేఫము విసర్గమగుచున్నది. తరువాత ఎవరును రారు గదా యని పదాంతమును ఇష్టము వచ్చినట్లు పలుకుటకు వీలు లేదు. మా శిష్యులకు ఈ సామ్యము చెప్పినప్పుడు వ్యాకరణము కొంత తేలికపడినది. వడ్రంగము తేలికపడినదో లేదో చెప్పజాలము.

ఇక పని. మూడు పలకలతో చిన్న దోనె నొకదానిని చేసికొనుడు. అడుగున ఒకటి, ప్రక్కల రెండు, మూలమట్టముతో సరిచూచి కొట్టవలెను. ఆ ప్రక్కపలకలలో మూడు గాడులు కోయుడు: ఒకటి తిన్ననిది, ఒకటి కుడికి నలువదియైదు పాళ్ళు వాలినది, ఒకటి ఎడమకు అంతే వాలినది. అంగళ్ళలో అచ్చుపోసిన ప్లాస్టిక్కు దోనెలు దొరకును, కాని గాడులు వెడల్పుగా నుండి ఱంపము అటునిటు ఊగును. ఱంపము వెన్నున ఇనుపబద్ద కలిగి సన్నని పండ్లదై యుండవలెను. మ్రాకులు కోయు ఱంపముతో కొసముక్క కోయుట గొడ్డలితో గోళ్ళు తీసికొనుట.

కోణము సరియైనదో కాదో తెలిసికొనుటకు బౌధాయనుని శుల్బసూత్రము మనకు చాలును. సమచతురస్రపు కర్ణమును తెలిసికొనుటకు ఆయన భుజమునకు దాని మూడవవంతును, ఆ మూడవవంతులో నాలుగవవంతును కలుపుమని, ఆ తుదిభాగములో ముప్పదినాలుగవవంతును తీసివేయుమని చెప్పినాడు. తుదిదానిని మనము విడిచిపెట్టవచ్చును. అప్పుడు భుజము 12 అయినచో కర్ణము 17. ఇది జ్ఞాపకముంచుకొనుటకు ఎంతో సులభము. మీ పట్టె మందము 12 మిల్లీమీటర్లు అనుకొనుడు. వాలుగా కోసిన ముఖమును కొలిచినచో 17 రావలెను. 16 వచ్చినను 18 వచ్చినను దోనెయందు దోషమున్నది. మన తాపీమేస్త్రీలు మూడు, నాలుగు, అయిదు అని త్రాడు పట్టి మూల తీయుదురు గదా, అదియు ఆ గ్రంథమున ఉన్నదే.

పైపట్టెను మొదట కోయవలెను. గుఱుతు ఎప్పుడును ముఖమువైపున పెట్టుడు. ముఖము పొడుగు, వీపు కుఱచ కావలెను. పట్టె మందమెంతయో వీపు అంత తగ్గును. ఇప్పుడు ఊడిపడిన ముక్కను చేతబట్టుకొని, కోత దానికి కూడ వచ్చినది గదా, ఇదియే సరిపోవునని సంతసింతురు. అది సరిపోదు. ఆ ముక్కకు ముఖము కుఱచ, వీపు పొడుగు. దానిని దోనెలో రెండవ వాలుగాడియొద్ద నుంచి మఱల కోసినచో ముఖము పొడుగైన కొస వచ్చును. ఆ కొస మనకు కావలెను. అట్లని దానిని పాఱవేయక, ఆ ముక్కనుండియే కొసముక్క తీయుడు. ఒకే కొయ్య గనుక పోగును వన్నెయు కలియును. కుడికొసకు తీసినది ఎడమకొసకు పోదు. రెండును అద్దములోని ప్రతిబింబములవలె నుండును. పలకమీద “కుడి”, “ఎడమ” అని వ్రాసి పెట్టుకొనుట నామోషీ కాదు.

వాలుకోత ముగిసిన పిమ్మట, ఆ వాలు వీపును తాకిన బిందువుయొద్ద తిన్ననిగాడిలో కోయవలెను. వచ్చునది ముక్కోణపు ముక్క. ముఖము ఒక భుజము, గోడకు ఆనునది ఒక భుజము, రెండును పట్టె మందమునకు సమానములు. అతుకునది కర్ణము. ఈ క్రమమును తాఱుమాఱు చేయరాదు. పొడుగుకొయ్య చేతిలో నుండగా వాలుకోత ముందు, తిన్ననికోత తుది. మొదటనే చిన్నముక్క తెంపికొని దానిని వ్రేళ్ళతో పట్టుకొని వాలుగా కోయబూనుట వ్రేళ్ళమీద ఆశ వదలుకొనుట. తుదికోతయందు కూడ ఱంపమును చివరిదాక పోనీయకుడు. కాగితమంత మిగిలియుండగా ఆపి, పదునైన కత్తితో తెంపుడు. లేనిచో ముక్క ఎగిరి ఎక్కడనో పడును, లేదా అంచు చిట్లును. విద్యుత్తుతో తిరుగు ఱంపపుచక్రముయొద్ద ఇట్టి ముక్కను తెంపుట ప్రమాదకరము. అది ముక్కను రాయివలె విసరును. ఎంతటి యంత్రములు కలవారైనను ఈ ఒక్కకోతను చేతిఱంపముతో చేయుడని మా ప్రార్థన.

అతుకుటకు మేకు వలదు. అంత చిన్నముక్కలో మేకు దిగినచో పగులును. బంక చాలును. బంకను మన పనివారు వజ్రమనుట కలదు. బృహత్సంహితలో వరాహమిహిరుడు వజ్రలేపమునకు ఒక అధ్యాయమునే కేటాయించి, పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూవులు మున్నగువానిని ద్రోణమెడు నీట కాచి, ఎనిమిదవవంతునకు దించి, గుగ్గిలము మొదలైనవి కలుపుమని చెప్పినాడు. మా తండ్రిగారి కాలమున తోలుబంకను కుండలో కాచుచుండిరి. ఆ కంపునకు వీధివారు ముక్కు మూసికొనుట మాకు జ్ఞాపకము. 1959లో మొదలైన ఫెవికాల్ వచ్చి ఆ కుండను వీధినుండి తరిమివేసినది. దానికి మేము కృతజ్ఞులమే. అయితే కొసముఖము నీటిని త్రాగినట్లే బంకను కూడ త్రాగివేయును గనుక ఒకపూత చాలదు. రెండుముఖములకును పలుచగా పూసి, అయిదారు నిమిషములు ఆగి, అది ఇంకిన పిమ్మట రెండవపూత పూసి అతుకవలెను. ఆపై కాగితపుపట్టీతో గాని దారముతో గాని కట్టి మఱునాటివఱకు ముట్టుకొనరాదు. ఇదంతయు పట్టె నేలమీద నుండగనే చేయవలెను. గోడకు కొట్టిన తరువాత నిచ్చెనమీద నిలిచి అతుకువారిని చూచినాము. బంక గోడకు, ముక్క నేలకు.

ఆఱిన పిమ్మట అంచున వెండ్రుకవాసి సందు కనబడినచో లప్పమునకు పరుగిడకుడు. నునుపైన ఇనుపకడ్డీతో ఆ అంచును ఇరువైపులనుండి మెల్లగా రుద్దినచో పోగులు వంగి సందు మూసికొనును. తరువాత సన్నని గరుకుకాగితము. గోడకు కొట్టునప్పుడు ఇత్తడిమేకులు గాని తుప్పుపట్టని ఉక్కుమేకులు గాని వాడుడు. మన తీరమున ఇనుపమేకు రెండేండ్లలో కొయ్యపై ఎఱ్ఱని కన్నీరు కార్చును.

ఇదంతయు గోడ తిన్ననిదైనప్పటి మాట. ఉద్దానపు పాతయిండ్ల మట్టిగోడలకు మూలమట్టము పెట్టి చూచినవారికి ఈ మాట విని నవ్వు వచ్చును. మూల తొంబదిపాళ్ళు లేనిచోట దోనె పనికిరాదు. అందులకు ఉపాయము కలదు. పట్టెతుంట నొకదానిని ఒకగోడకు ఆనించి, దాని ముందంచు వెంబడి నేలమీద గీత గీయుడు. రెండవగోడకు ఆనించి మఱియొక గీత గీయుడు. రెండుగీతలు ఖండించుకొన్న బిందువునుండి గోడమూలకు గీత కలిపినచో కోయవలసిన వాలు అదియే. లెక్క లేదు, కొలబద్ద లేదు. గోడ ఉబ్బియున్నచోట కొసముక్కకును గోడకును నడుమ సందు వచ్చినచో, ముక్కను గోడకు తగినట్లు ఆకురాయితో దిద్దవలెను గాని గోడను లప్పముతో ముక్కకు తగినట్లు దిద్దరాదు.

ఇప్పుడు అసలు చెప్పదలచినదానికి వచ్చుచున్నాము. తిన్నగా కోసి లప్పము పూసిన ఆ పనివానిని మేము నిందింపము. అతనికి అడుగుకింత అని కూలి. మేము గడియారము చూచి చేసితిమి. ఒక ద్వారమునకు నిలువుపట్టెలు ఏడేసి అడుగులు, పైపట్టె నాలుగున్నర, వెరసి పదునెనిమిదిన్నర అడుగులు. పట్టెలను తిన్నగా కోసి గోడకు బిగించుటకు పట్టినది గంటకు లోపు. రెండు కొసముక్కలకు, బంక ఆఱు కాలము గాక, మఱియొక గంట పట్టినది. అడుగులలెక్కలో ఆ రెండుముక్కలు కలిసి రెండంగుళములు లేవు. రెండంగుళములకు ఏ కూలి వచ్చును? గంటసేపు ఉచితముగా చేయుమని ఎవరిని అడుగగలము? కొసను చంపినది పనివాని సోమరితనము కాదు, అడుగులలెక్క. గుత్తదారు తొందరపెట్టును, ఇంటియజమాని అడుగులు మాత్రమే కొలుచును, నేర్పు గలవాడు నేర్పులేనివానితో ఒకే కూలి తీసికొనును. అట్లయినచో నేర్చుకొనువాడెవడు? పలాస స్టేషనులో హైదరాబాదునకును చెన్నపట్టణమునకును బండి యెక్కుచున్న మన పిల్లలలో ఉలి పట్టగలవారు ఉన్నారు. అచ్చటను వారికి అడుగులలెక్కయే.

కావున మేము ఈ సభవారి ముందుంచునది ఒక్కటే. ఇకమీదట మనవారు పని ఒప్పుకొనునప్పుడు చీటిలో మూడు వరుసలు వ్రాయవలెను: అడుగులు ఇన్ని, మూలలు ఇన్ని, కొసలు ఇన్ని. మూలకు వేఱు కూలి, కొసకు వేఱు కూలి. ఎంత యన్నది ఊరినిబట్టి పెద్దలు నిర్ణయింతురు. వలదనువారికి తిన్ననికోతయే యిత్తము, కాని అది తిన్ననికోత యని చీటిలో వ్రాసి యిత్తము. లప్పముక్రింద దాచి యియ్యము.

ఈ ప్రసంగపు సంగతి ముందుగా విని ఒక పెద్దబావగారు మాతో, “ఇవన్నియు ఇంటివారికి నేర్పి, ప్రతివాడును తన పట్టెను తానే కోసికొన్నచో మన కూలి యేమి కావలెను బావా?” అని అడిగిరి. న్యాయమైన ప్రశ్న. మా బడి అనుభవమునుబట్టి చెప్పెదము. పద్యమునకు గణములు కట్టుట ఎన్నడును ప్రయత్నింపనివానికి కవి కష్టము తెలియదు. నాలుగుపాదములు కట్టి యతి కుదరక చెమట పట్టినవాడే మంచిపద్యమునకు తల యూచును. ఆ యింటి యిల్లాలి కొడుకు ఆఱుముక్కలలో రెండింటిని స్వయముగా కోసినాడు. ఒక్కపూట పట్టినది. తరువాత వంటయింటి అలమరకు పట్టె కొట్టింపవలసివచ్చినప్పుడు పనివానిని పిలిచి, “కొసలెన్ని? కొసకెంత?” అని తానే అడిగినాడు. బేరమాడినాడు, కాదనము. కాని బేరమాడినది కొసకు. ఇంటివారు ఒక తలుపుకు చేసికొందురు. పదితలుపులకు మనలనే పిలుతురు. పిలిచినప్పుడు దేనికి ధర కట్టవలెనో ఎఱిగి పిలుతురు.

మన యిండ్లలో నేర్పుటయు అంతే అవసరము. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన విశ్వకర్మ పథకములో వడ్రంగమును ఒక వృత్తిగా చేర్చిరి. పనిముట్లకు పదునైదువేల రూపాయలవఱకును, అయిదు మొదలు ఏడుదినములవఱకు ప్రాథమికశిక్షణమును అందు ఏర్పఱచిరి. పనిముట్లకు సంతోషము. కాని కోణము చేతికి వచ్చుటకు వారము చాలదు. అది చిన్ననాటినుండి పెరటిలో రావలెను. ఆడపిల్లలకేల యని కొందఱందురు. మా వీధిలో చూపు మందగించిన వృద్ధవడ్రంగి యొకరు తొమ్మిదవతరగతి చదువుచున్న మనుమరాలికి ఈ పని చెప్పుచున్నారు. ఆమె కోసి యిచ్చిన ముక్కలను ఆయన కన్నుతో చూడడు, బొటనవ్రేలితో అతుకుమీద నిమిరి, “ఇంకా గట్టుందమ్మా” అనును. ఆమె మఱల దిద్దును. ఇప్పుడు ఆమె కోసిన అతుకుమీద మా వ్రేలికి గట్టు తగులదు. ఆయన వ్రేలికి తగులునట. మేమును ఆమెయు ఇంకను దానినే వెదకుచున్నాము.

భోజనములు ముగిసిన పిమ్మట పందిరి తూర్పుప్రక్కను రెండుబల్లలు వేయించినాము. దోనెలు రెండు, వెన్నుఱంపములు మూడు, పనసపట్టెలు కావలసినన్ని యున్నవి. వృద్ధవడ్రంగిగారును ఆయన మనుమరాలును అచ్చట నుందురు. ఒక్కొక్కరు ఒక్కొక్క కొసముక్క కోసి ఆయన వ్రేలికి చూపవచ్చును. కత్తిమాత్రము ఎవరిది వారు తెచ్చుకొనవలెను.